గంటల లెక్క చూపించండి

కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ అధ్యక్షులకు, సభ్యులకు, రాష్ట్ర ఇంధన శాఖ పెద్దలకు,

నమస్కారం. నేనడిగేది ఒక్కటే. శరావతి నది లోయలో 2000 మెగావాట్ల పథకం కట్టేముందు, ఏ గంటకు కరెంటు ఎంత పుడుతోందో, ఎవరు ఎంత వాడుతున్నారో ఒక్క కాగితం మీద చూపించండి.

ఈ ఉత్తరం కన్నడ ప్రతిని వసంతనగర్‌లోని కమిషన్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో వేశాను. తెలుగులో మళ్ళీ ఎందుకంటే, నేను పావగడ తాలూకా వాణ్ణి. మాది కర్ణాటకే గానీ మూడు వైపులా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చూసిపోయే పావగడ సోలార్ పార్కుకు భూములిచ్చినవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో వినబడేదీ తెలుగే. వాళ్ళ పేరు చెప్పి రాసే ఉత్తరం వాళ్ళకు చదివి వినిపించేలా ఉండొద్దా?

సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కె.ఆర్.పురంలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇంజనీరును కాను, ప్రొఫెసరును అంతకన్నా కాను. నాకొచ్చిన విద్య ఒక్కటే, గంటకోసారి లాగ్ షీట్ రాయడం. వోల్టేజీ, ఆంపియర్లు, మెగావాట్లు, ఫ్రీక్వెన్సీ. రాత్రి రెండింటికీ అంతే, పండగ పూటా అంతే. అందుకేనేమో, కరెంటు మీద టీవీల్లో జరిగే గొడవలు వింటుంటే నాకు ఒకటే వెలితిగా అనిపిస్తుంది. సోలారు మేలా, అణు విద్యుత్తు మేలా, బొగ్గు మానేద్దామా వద్దా అని గొంతులు చించుకుంటారు. ఎన్ని గంటలకు అని మాత్రం ఒక్కరూ అడగరు.

కరెంటు బియ్యం కాదు, మూట కట్టి అటక మీద పెట్టుకోవడానికి. ఏ క్షణాన పుట్టింది ఆ క్షణానే ఖర్చయిపోవాలి. పుట్టేదానికన్నా వాడకం పెరిగితే, సెకనుకు 50 దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు ఊగే వేగం, కిందికి జారుతుంది. 1990లలో మా కంట్రోల్ రూములో ఫ్రీక్వెన్సీ మీటరు ముల్లు 48.5 దగ్గర ఊగిసలాడేది. దీపాలు పెట్టే వేళకు ఇంకా పడేది. పైనుంచి ఫోను వచ్చేది, ఇన్ని మెగావాట్లు తీసెయ్ అని. నేను తీసే బ్రేకరు ఎప్పుడూ పల్లె ఫీడరుదే, అంటే పల్లెలకు కరెంటు మోసుకెళ్ళే లైనుదే. పట్నం ఫీడరు తీస్తే పది నిమిషాల్లో పది ఫోన్లు. పల్లెది తీస్తే తెల్లారేదాకా ఒక్కటీ రాదు. ఈ పద్ధతి ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు, ఎవరికీ చెప్పాల్సిన పనీ పడలేదు.

అవే రాత్రుళ్ళు మా ఊళ్ళో మా నాయన చేని గట్టు మీద టార్చిలైటు పెట్టుకుని కూర్చునేవాడు. త్రీ ఫేజు వస్తే శనక్కాయ చేనుకు నీళ్ళు, రాకపోతే దోమలు. మా పెదనాయన కొడుకును స్టార్టర్ డబ్బా దగ్గర పాము కరిచింది కూడా అలాంటి రాత్రే. బతకలేదు. నేనిక్కడ ఎవరి ఊరి ఫీడరో తీస్తుంటే, అక్కడ ఇంకో ఆపరేటరు మా ఊరి ఫీడరు తీస్తున్నాడు. ఇద్దరం ఒకే రకం లాగ్ షీట్‌లో ఒకే రకం అంకె రాసుంటాం.

ఆ ముల్లు ఎలా లేచిందో మీకు గుర్తుచేయాలి. 2003 జనవరిలో దక్షిణ గ్రిడ్‌కు ఏబీటీ (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) అనే ధరల పద్ధతి వచ్చింది. కోటాకు మించి లాగే కరెంటుకు ఫ్రీక్వెన్సీని బట్టి ధర. గ్రిడ్ ఇబ్బందిలో ఉన్నప్పుడు లాగితే ఎక్కువ కట్టు, తీరిగ్గా ఉన్నప్పుడు లాగితే తక్కువ కట్టు. అంతే. రాత్రికి రాత్రి కొత్త డ్యామేదీ లేవలేదు, కొత్త చిమ్నీ ఏదీ పొగ వదల్లేదు. వేళకు ఒక వెల కట్టారు, ముల్లు లేచి కూర్చుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలవడం ఆ తర్వాతి కథ.

ఇప్పుడు మొత్తం తిరగబడింది. అప్పుడు ఏ వేళా చాలేది కాదు. ఇప్పుడు సోలారు వల్ల మిట్టమధ్యాహ్నం విందు, పొద్దుగూకితే వెతుకులాట. ఎండ బాగా కాసిన రోజు బొగ్గు కేంద్రాలను తగ్గిద్దామంటే అవి గ్యాసు పొయ్యిలా తిప్పితే తగ్గేవి కావు. సామర్థ్యంలో 55 శాతం కన్నా దిగువకు దించితే బాయిలరు మొరాయిస్తుంది. పూర్తిగా ఆర్పితే సాయంత్రానికి అందదు. దాంతో కొన్ని మధ్యాహ్నాలు సోలారునే తగ్గించుకోమనాల్సి వస్తోంది. ఎండను వద్దని పొమ్మని, పొయ్యిని మాత్రం ఆర్పకుండా కాపాడుకుంటున్నామన్నమాట.

మెగావాట్ల భాష ఈ సంగతిని దాచేస్తుంది. పావగడ పార్కు 2050 మెగావాట్లు. రాయచూరు థర్మల్ 1720. కైగా అణు కేంద్రం 880. ఈ మూడంకెలూ పక్కపక్కన పెట్టి పావగడే పెద్దదని చెప్పేస్తారు. లాగ్ షీట్ తీయండి. మెగావాట్లంటే నిండుగా నడిస్తే ఇవ్వగల సత్తా, యూనిట్లంటే నిజంగా ఇచ్చిన కరెంటు. ఒక కిలోవాట్ సోలార్ ఫలకాలు మన ఎండకు రోజుకు నాలుగైదు యూనిట్లిస్తాయి. ఆ లెక్కన పావగడ రోజుకు కోటి యూనిట్లకు అటూ ఇటూ. కైగా నాలుగు రియాక్టర్లూ నిండుగా నడిస్తే రోజుకు 2.1 కోట్లు. రాయచూరు అలాగే నడిస్తే 4.1 కోట్లు. పేరుకు చిన్నది రెట్టింపు ఇస్తోంది, అదీ అర్ధరాత్రి కూడా. 2025 జూన్‌కి దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలు కానిదేనని పండగ చేసుకున్నాం. తప్పులేదు. కానీ వాడుకునే యూనిట్లు చూస్తే పదింట సుమారు ఏడు ఇప్పటికీ బొగ్గువే. ఈ రెండో వాక్యం పోస్టరు మీద ఎప్పుడూ పడదు.

ఇలా అన్నానని నన్ను అణు విద్యుత్ వాళ్ళ జట్టులో కలిపేయకండి. కైగా మొదటి రియాక్టరు 2018 చివరన ఆపేదాకా 962 రోజులు ఆగకుండా తిరిగిందంటే, లాగ్ షీట్ రాసిన చెయ్యిగా నేను దండం పెడతాను. ఆ రోజులన్నీ ఎవరో గంటగంటకూ రాసుంటారు. కానీ 2047కల్లా లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అని 2025 బడ్జెట్‌లో చదివేశాక, ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరి నెత్తిన అన్న ప్రశ్నను తోక మీద ఈగలా తోలేస్తే ఊరుకోను. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వకాల పక్కన బతికేవాళ్ళు తమ బోరు నీళ్ళ గురించి అడుగుతూనే ఉన్నారు. అదీ తెలుగులోనే. అణు విద్యుత్తు కావాలనేవాళ్ళు వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి, వద్దనేవాళ్ళు రాత్రి పదికి ఫ్యాన్ ఎలా తిరుగుతుందో చెప్పాలి. నాకు ఇద్దరి మీదా సగం సగమే నమ్మకం.

నేను అసలు ఉత్తరం మొదలుపెట్టింది శరావతి గురించి.

తలకళలె, గేరుసొప్ప జలాశయాల మధ్య 2000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కడతామంటున్నారు. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో కింది నీళ్ళను పైకి తోడి, సాయంత్రం మళ్ళీ కిందికి వదిలి కరెంటు తీయడం. ఆలోచనలో తప్పేమీ లేదు. వంద యూనిట్లు పోస్తే 75 నుంచి 80 దాకా తిరిగొస్తాయి. పెద్ద బ్యాటరీ అనుకోవచ్చు. ఆ బ్యాటరీ పెట్టే చోటే చిక్కు. అది సింహపు తోక కోతుల అభయారణ్యం. కన్నడంలో సింగళీక అంటారు, పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. పైగా అదే నది మీద 1964లో లింగనమక్కి కట్టినప్పుడు ఊళ్ళొదిలి వెళ్ళినవాళ్ళ భూమి పట్టాల గొడవ ఇప్పటికీ తెగలేదు. ఒక ఇంటిని రెండుసార్లు అప్పు అడిగేముందు మొదటి అప్పు సంగతి చూడాలంటారు మా ఊళ్ళో.

సాయంత్రానికి, తెల్లవారికి కరెంటు చాలదు కాబట్టి ఇది తప్పదని మీ వాదన. సరే. ఆ వేళల్లో బెంగళూరు ఏం చేస్తోందో మా అపార్ట్‌మెంట్ నుంచి చెబుతాను వినండి.

పొద్దున ఆరున్నరకు గీజర్లు. 15 లీటర్ల నీళ్ళను 20 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్ళడానికి 0.7 యూనిట్. 2 కిలోవాట్ల గీజరైతే ఇరవై నిమిషాలు. ఇంటికి ఇది ఏమూలకూ రాదు. కానీ లెక్క కోసం ఈ మహానగరంలో పది లక్షల గీజర్లు ఒకే సమయానికి వెలిగాయనుకోండి. 2000 మెగావాట్లు. శరావతి పథకం అంకె ఎంత? అన్నీ ఒకే నిమిషాన వెలగవు, నాకూ తెలుసు. సగమే వెలగనీండి. ఆ సగం కోసం అడవిలో సొరంగాలు తవ్వాలా?

బెంగళూరు ఒకప్పుడు సోలార్ హీటర్ల ఊరు. ఏ డాబా మీద చూసినా తెల్లటి ట్యాంకు, నల్లటి గొట్టాలు. 200 లీటర్ల నీళ్ళు 35 డిగ్రీలు వేడెక్కితే అందులో 8 యూనిట్లు దాచినట్టు. వేడినీళ్ళ ట్యాంకు కూడా బ్యాటరీయే. లిథియం అక్కర్లేదు, కొండ అక్కర్లేదు. టవర్లు లేచాక పద్నాలుగు అంతస్తులకు ఒక డాబా చాలక అది పోయింది. పోనీ, మంచి తొడుగున్న గీజరు ట్యాంకును మధ్యాహ్నం కరెంటుతోనే వేడి చేసి పెట్టుకుంటే? పొద్దుటికి గోరువెచ్చనకు కాస్త ఎక్కువే మిగులుతుంది, మిగతాది ఐదు నిమిషాల పని. మా బాత్రూంలో టైమరు పెట్టి చూశాను. మా ఆవిడ మొదటి రెండు రోజులు నన్ను తిట్టింది, మూడో రోజు నుంచి ఆ టైమరు సంగతే మర్చిపోయింది.

సాయంత్రం ఏడుకు కార్లు. మా అల్లుడు ఆఫీసు నుంచి రాగానే ప్లగ్ పెడతాడు. పొగ రాని కారని గర్వం, కానీ ఆ వేళకు దాంట్లోకి ఎక్కేది చాలావరకు బొగ్గే. మధ్యాహ్నం పన్నెండుకు ఆ కారు ఎక్కడుంటుంది? వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు బేస్‌మెంటులో ఖాళీగా నిద్రపోతుంటుంది, పావగడలో ఎండ మండిపోతుంటే. చార్జింగ్ పాయింట్లు ఇళ్ళ దగ్గర కాదు, పని చేసేచోట పెట్టించండి. ఐటీ పార్కులకు ఆ షరతు పెట్టడానికి ఏ కోతి అనుమతీ అక్కర్లేదు.

మూడోది సంప్ మోటారు. కావేరి నీళ్ళు మళవళ్ళి తాలూకా తొరెకాడనహళ్ళి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, మూడు మజిలీల్లో, అర కిలోమీటరు ఎత్తెక్కి మన కొళాయికి వస్తాయి. వెయ్యి లీటర్లను 500 మీటర్లు ఎత్తాలంటే పంపుల్లో, పైపుల్లో ఏమీ పోదనుకున్నా 1.36 యూనిట్లు కావాలి. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలయ్యాక నగరానికి వచ్చే కావేరి రోజుకు రెండు వందల కోట్ల లీటర్లు దాటింది. లెక్క మీరే కట్టుకోండి. ఆ పంపులు రాత్రింబగళ్ళు తిరగాల్సిందే, వాటి జోలికి పోను. కానీ అక్కణ్ణించి సంప్‌లోకి దిగిన నీళ్ళను మేడ మీదికి ఎక్కించే మోటారు సాయంత్రం ఆరింటికే తిరగాలని ఏ శాస్త్రంలో ఉంది?

అసోసియేషన్ మీటింగులో ఇదే అడిగాను. సెక్రటరీ గుంటూరు కుర్రాడు, మంచివాడే. "కరెంటు కరెంటే కదా అంకుల్, పగలేస్తే ఏంటి, రాత్రేస్తే ఏంటి? బిల్లు ఒకటే" అన్నాడు. వాడన్నది ముమ్మాటికీ నిజం. మా బిల్లులో ఏ గంటకైనా యూనిట్ ఒకటే ధర. వినియోగదారుల హక్కుల నిబంధనలను 2023 జూన్‌లో కేంద్రం సవరించింది. ఎండ ఉన్న గంటల్లో ధర పది నుంచి ఇరవై శాతం తక్కువ, వాడకం ముమ్మరమైన గంటల్లో అంతే ఎక్కువ. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి, స్మార్ట్ మీటరు ఉంటే. తేదీ దాటిపోయింది. మా గోడ మీద పాత మీటరే ఉంది. 2003లో గ్రిడ్‌కు నేర్పిన పాఠం ఇన్నేళ్ళకీ మా సెక్రటరీ దాకా రాలేదు. నియంత్రణ కమిషన్ ఉన్నది అందుకు కాకపోతే మరి దేనికి?

జనం మారరు అంటారేమో. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు దీపాలార్పమంటే దేశం వాడకం 31 వేల మెగావాట్లు పడిపోయింది. జలవిద్యుత్ కేంద్రాలు దించి, మళ్ళీ ఎత్తి గ్రిడ్‌ను నిలబెట్టాయి. రిటైరైన ఆపరేటర్లం ఆ రాత్రి ఒకరికొకరం ఫోన్లు చేసుకుంటూ గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్నాం. ఆ ప్రయోగం అక్కర్లేనిదని నా అభిప్రాయం. కానీ గడియారం చూసి స్విచ్ వేయమంటే జనం వేస్తారని మాత్రం తేలింది.

అసలు పల్లె ఎప్పుడో మారింది. చాలాచోట్ల రైతు మోటార్లకు ఇప్పుడు పగలే త్రీ ఫేజు ఇస్తున్నారు. మా నాయన చూసుంటే ఎంత సంతోషించేవాడో. మీరు చేసిన మంచి పని అది, ఒప్పుకుంటాను. మరి ఎండ వేళకు సర్దుకోమని రైతుకు చెప్పగలిగిన ప్రభుత్వానికి ఐటీ పార్కుకు చెప్పడానికి నోరెందుకు రాదు?

గృహజ్యోతి గురించి కూడా ఒక మాట. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమన్న పథకాన్ని ఎగతాళి చేసేవాళ్ళలో నేను లేను. మా పనిమనిషి ఇంట్లో ఆ మిగిలిన డబ్బు పిల్ల ట్యూషన్‌కి పోతోంది. కానీ ఒక చేత్తో జీరో బిల్లు ఇస్తూ, ఇంకో చేత్తో కేంద్రం వారి సూర్య ఘర్ పథకం సబ్సిడీ 78 వేల దాకా తీసుకుని డాబా మీద ఫలకాలు పెట్టుకోమంటే ఎవరు పెట్టుకుంటారు? బిల్లే రానివాడు దేన్ని తగ్గించుకోవాలి? ఆ ఉచిత యూనిట్లు ఎండ గంటల్లో వాడితే కాస్త ఎక్కువ, చీకటి పడ్డాక వాడితే కాస్త తక్కువ అని లెక్కించినా దారి మారుతుంది. దీనికి మీటరు కావాలి, మీటరు మీద నమ్మకం అంతకన్నా ముందు కావాలి.

ఇక మా ఊరు. తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, బళసముద్ర. చెర్లంటే చెరువులే, సముద్రమన్నా చెరువే. పేర్లలో ఉన్న నీళ్ళు నేలలో లేకనే 13 వేల ఎకరాలు కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంపు. భూమి అమ్మించకుండా కౌలుకు తీసుకోవడం తెలివైన పని, ఆ పద్ధతి తెచ్చినవాళ్ళను మెచ్చుకోవాలి. భూమి ఉన్నవాడికి వాన పడ్డా పడకపోయినా డబ్బు. భూమి లేనివాడికి? కలుపు తీసే కూలి పోయింది. గొర్రెలు మేసే బీడు కంచెలోపల పడింది. ఆ కంచెకు ఇవతల నిలబడ్డవాడు ఏ ఒప్పందంలోనూ లేడు. మీ టారిఫ్ ఉత్తర్వులో యూనిట్‌కు ఒక్క పైసా వాళ్ళ పేర రాయండి. రోజుకు కోటి యూనిట్లంటే రోజుకు లక్ష రూపాయలు, ఏడాదికి 3.65 కోట్లు. బెంగళూరులో ఈ పైసా ఏ బిల్లులోనూ కంటికి ఆనదు.

అన్నట్టు, మీ ఆఫీసు ఉన్నది మిల్లర్స్ ట్యాంక్ బెడ్ ఏరియాలో. అదీ ఎండిన చెరువే. మనం ఒక జాతివాళ్ళమే.

టారిఫ్ మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడల్లా వందల పేజీల కాగితాలు బయట పెడతారు. రాష్ట్రమంతటి కరెంటు పంపకం చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్ వెబ్‌సైటులో ఆ పూట అంకెలు కనిపిస్తాయి కూడా. నాలాంటి పాత ఆపరేటరుకు అది చాలు, మిగతావాళ్ళకు చాలదు. నేనడిగేది ఒక్క కాగితం. ఎండాకాలంలో ఒక రోజు, వానాకాలంలో ఒక రోజు, చలికాలంలో ఒక రోజు. 24 గళ్ళు. ఒక్కో గడిలో ఆ గంటకు సోలారు ఎంత, నీళ్ళవి ఎంత, బొగ్గుది ఎంత, కైగాది ఎంత, బయటినుంచి ఎంతకు కొన్నారు, ఎంత సోలారును వద్దన్నారు. బెంగళూరు ఎంత లాగింది, రైతు ఎంత లాగాడు. కన్నడంలో, సరిహద్దు తాలూకాల్లో తెలుగులో కూడా. గీజర్లూ కార్లూ మోటార్లూ వేళ మార్చుకుంటే అందులో ఎన్ని గళ్ళు నిండుతాయో పక్కన రాయండి. ఆ తర్వాత కూడా శరావతిలో 2000 మెగావాట్లు కావాలని తేలితే, నేను ఒప్పుకోకపోవచ్చు, కానీ నోరు మూసుకుంటాను.

మా వంతుగా ఈ ఉత్తరానికి ఒకటి జత చేస్తున్నాను. మా సంప్ మోటారును పన్నెండు నుంచి మూడు మధ్యకు మార్చి రెండు నెలలైంది. లాగ్ షీట్ గీతలు నేను కొట్టిచ్చాను, రాసేది మా వాచ్‌మన్. అతనిది మళవళ్ళి పక్క ఊరు. 1902లో అక్కడికి దగ్గర్లోని శివనసముద్రంలో పుట్టిన కరెంటు ముందు కోలారు బంగారు గనులకు పోయింది, 1905లో బెంగళూరు వీధి దీపాలకొచ్చింది. ఇప్పుడు నీళ్ళూ అటునుంచే వస్తున్నాయి, వాటిని మేడెక్కించడానికి మనిషీ అటునుంచే వచ్చాడు. ఉగాది మర్నాటి గళ్ళు ఖాళీగా ఉంటాయి. ఆ రోజు హొసతొడకు అనే మాంసాహార పండగ, దానికి ఊరెళ్ళాడు. మోటారు నేనే వేశాను గానీ రాయడం మర్చిపోయాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఆపరేటరు
కె.ఆర్.పురం, బెంగళూరు